వణకునది నక్షత్రము కాదు

(ధ్యాన భాగములు: 1 సమూయేలు 1:9–18, మత్తయి 7:1–5)



వేసవి రాత్రులలో కరెంటు పోయినప్పుడు మన తీరగ్రామములలో జనులు ఆరుబయట మంచములు వేసికొని పరుందురు. కన్నులు మూతపడువరకు చూచుటకు ఆకాశము తప్ప మరేమియు నుండదు. పడవలమీద వేటకు పోయి వయస్సు మళ్లిన పెద్దలు పిల్లలకోడిని, వేగుచుక్కను మనుమలకు చూపుచుందురు. ఒక సంగతి వారందరును ఎరుగుదురు. నడినెత్తిన నున్న చుక్క కొంచెముగా మిలమిలలాడును. సముద్రపు అంచున అప్పుడే లేచిన చుక్క గాలిలో పెట్టిన దీపమువలె వణకును.

వణకుచున్నది ఆ నక్షత్రమేనా? ఈ చిన్న ప్రశ్నలో మన సంఘజీవితమునకు సంబంధించిన పెద్ద ప్రశ్న యొకటి దాగియున్నది. ఒక మనిషిని చూచి, వీడు ఇట్టివాడని మనము తీర్మానించునప్పుడు మనము చూచినది ఆ మనిషినేనా? లేక మనకును అతనికిని నడుమ నున్న గాలినా?

రాత్రి ఆకాశములో అన్నిటికంటె కాంతిగల నక్షత్రము సిరియస్. వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోవును. అంత వేగముగా పోవు వెలుగు ఆ నక్షత్రమునుండి బయలుదేరి మన కంటిని చేరుటకు సుమారు 8½ సంవత్సరములు పట్టును. అన్ని సంవత్సరములు అది చెదరక చక్కగా వచ్చుచున్నది. మన భూమిని చుట్టియున్న గాలిలో పదింట తొమ్మిది వంతులు నేలనుండి 16 కిలోమీటర్ల లోపలనే యున్నది. ఆ కొద్ది దూరము దాటుటకు వెలుగునకు సెకనులో సుమారు ఇరువది వేలవ వంతు చాలును. ఆ కడపటి క్షణముననే అది చెదరిపోవుచున్నది. మిట్టమధ్యాహ్నము తారురోడ్డు మీద వేడిగాలి లేచునప్పుడు ఎదుటి బండి అలలాడినట్లు కనబడును గదా! వేడిగాలియు చల్లగాలియు కలిసి కదలుటచేత నక్షత్రము కూడ అట్లే కనబడును. సముద్రపు అంచున నున్న చుక్క వెలుగు ఎక్కువ గాలిని దాటి రావలెను గనుక అది మరి ఎక్కువగా వణకును. ఎనిమిదిన్నర సంవత్సరములు చెడని వెలుగును మన ముంగిటి గాలి చెరుపుచున్నది.

ఈ సంగతి శాస్త్రజ్ఞులకు క్రొత్తది కాదు. 1704లో అచ్చుపడిన తన గ్రంథములో న్యూటను దీనిని వ్రాసి, ఎత్తయిన కొండలమీది నిశ్చలమైన గాలిని వెదకుటయే దీనికి మందని తలంచెను. మన దేశమున అట్టి స్థలమును వెదకినవారిలో ఎం. కె. వైను బప్పు అనువాడు ముఖ్యుడు. ఆయన తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో పనిచేసినవాడు. బప్పు ఆ నగరముననే పెరిగెను. ఆయన తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు అను చోటును ఎన్నుకొనెను. ఆ పేరు వినగానే మనకు మన కావలి పట్టణము జ్ఞాపకము వచ్చును. రాత్రంతయు ఆకాశమునకు కావలి కాయుచోటికి తగిన పేరే! అక్కడ 2.34 మీటర్ల అద్దముగల దూరదర్శినిని మన దేశపు పనివారి చేతనే చేయింప బూనుకొనెను గాని, అది ముగియక మునుపే 1982లో కన్నుమూసెను. నెబో కొండమీద నిలిచి వాగ్దాన దేశమును చూచిన మోషేకు ఈ పాటి భాగ్యమైనను కలిగెను. బప్పుకు ఆ అద్దములో ఒక్క నక్షత్రమునైన చూచుట కలుగలేదు. 1986 జనవరి 6న దానిని ప్రతిష్ఠించి ఆయన పేరే పెట్టిరి.

ఇప్పుడు నేను చెప్పబోవు మాటను జాగ్రత్తగా గమనించుడి. అద్దము పెద్దదైన కొలది ఎక్కువ వెలుగు చేరును; మసక నక్షత్రములు కూడ కనబడును. అయితే గాలి వణకును సరిచేయనిచో, ఎంత పెద్ద అద్దమైనను జానెడు అద్దము చూపినదానికంటె స్ఫుటముగా ఏమియు చూపలేదు. రెండు మీటర్లైనను పది మీటర్లైనను అంతే. వెలుగు ఎక్కువగును గాని అలుకు తొలగదు. పెద్ద అద్దమునకు ఇది యెంత సిగ్గు!

ఆ సిగ్గు నాది కూడ. నేను వేదాంత పాఠశాలలో చదివినవాడను. గ్రీకు భాష నేర్చితిని, వ్యాఖ్యానములు చదివితిని. నా అద్దము పెద్దదని తలంచితిని. కొన్ని సంవత్సరముల క్రిందట నేను సేవించిన ఒక తీరగ్రామ సంఘములో ఏమి జరిగినదో సంఘములకు మేలగునని ఇక్కడ వ్రాయుచున్నాను.

ఆ సంఘములో రొయ్యల గుంటలకు రాత్రి కాపలా కాయు ఒక సహోదరుడుండెను. అతడు ఆదివారపు ఆరాధనకు వచ్చుట మానుకొనెను. వచ్చిన ఒకటి రెండు పర్యాయములు కన్నులు ఎఱ్ఱగా నుండెను. ముగ్గురు సంఘపెద్దలు వేరువేరుగా వచ్చి నాతో ఒకే మాట చెప్పిరి. అతడు చీకటి పడు వేళను, తెల్లవారకముందును సారాయి దుకాణము ప్రక్కగా గుంటల కట్టమీద తూలుచు నడచుట వారు చూచిరి. వారు అబద్ధికులు కారు. వారి కన్నులు చూచినదే వారు చెప్పిరి. ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడెనని నేను నిశ్చయించుకొని, తరువాతి సంస్కారపు ఆదివారమున రొట్టెను గిన్నెను అతనికి ఈయక దాటిపోతిని. సంఘమంతయు చూచెను. అతని భార్య తలవంచుకొనెను. అతడు ఒక్క మాటయు పలుకలేదు.

ఏడు నెలలు గడిచెను. ఒక సాయంకాలము గుంటల అవతల నున్న రోగి యొద్దకు ప్రార్థనకు పోవుచుండగా అతడు ఎదురుపడెను. ఇద్దరమును ఒకే కట్టమీద పోవలసియుండెను. కొంతదూరమున తూము కూలి దారి తెగియుండెను. అతడు ఆగి, సంకోచపడుచు, "అయ్యగారూ, కాస్త మీ చెయ్యి పట్టుకోనిస్తారా? సందెపొద్దయితే నాకు దోవ కానరాదు" అనెను.

అతనికి రేచీకటి! చీకటి పడిన తరువాత ఏమియు సరిగా కనబడదు. రాత్రి కాపలా వానికి రాత్రి చూపు లేదని గుంటల యజమానికి తెలిసిన మరునాడే పని పోవును గనుక దాచుకొనెను. కట్టమీద అతడు తూలుట దారి తడవుకొనుట. కన్నులు ఎఱ్ఱబడుట నిద్రలేమి. సారాయి దుకాణము ఆ దారిలో నుండుట మాత్రమే అతని నేరము.

"ఈ మాట నాతో ముందే ఎందుకు చెప్పలేదు, నాయనా?" అని అడిగితిని.

"మీరు అడగలేదు గదయ్యా" అనెను.

ప్రియులారా, షిలోహులోని మందిరమున ఏలీ యాజకుడు హన్నాను చూచిన సంగతి మీరెరుగుదురు. ఆమె పెదవులు కదలుచుండుట అతడు చూచెను; అది నిజమే. స్వరము వినబడలేదు, అదియు నిజమే. ఆమె మత్తురాలని అతడు తీర్మానించుకొనెను. అది మాత్రము ఆమెలో లేదు. అతడు జీవించిన కాలపు మందిరములో అట్టివారిని అతడు పెక్కుమందిని చూచియుండవచ్చును. ఆ గాలిలోనుండి ఆమెను చూచెను. అయినను ఏలీ నాకంటె మేలైనవాడు. అతడు తన అనుమానమును ఆమె ముఖము ఎదుటనే చెప్పెను గనుక ఆమె ప్రత్యుత్తరమిచ్చుటకు వీలు కలిగెను. ఆ ఘడియలోనే అతడు దిద్దుకొని ఆమెను దీవించి పంపెను. నాకు ఏడు నెలలు పట్టినది.

అయితే కొందరడుగుదురు: పాస్టరుగారూ, మన చూపు ఇంత చెడ్డదైనచో ఇక తీర్పే తీర్చకూడదా? సంఘములో పాపము కనబడినను కన్నులు మూసికొనవలెనా? ఇది మంచి ప్రశ్న. మత్తయి సువార్త యేడవ అధ్యాయమును సగము చదివినవారు ఔననుదురు. పూర్తిగా చదువుడి. దూలమును తీసివేసికొనుమని ప్రభువు చెప్పుట, ఆ తరువాత తేటగా చూచి సహోదరుని కంటిలోని నలుసును తీయుటకే. నలుసు కంటిలో నున్నవాడు బాధపడుచున్నాడు. దానిని ఎవరైన తీయవలెను. చూడకుండుట ప్రేమ కాదు. చూపును సరిచేసికొని చూచుటయే ప్రేమ.

ఇది యెట్లు జరుగునో ఖగోళ శాస్త్రజ్ఞుల పనిలో ఒక సాదృశ్యమున్నది. గాలి వణకుచున్నదని వారు ఆకాశమును చూచుట మానలేదు. రెండు మార్గములు వారికి తోచెను.

మొదటిది, గాలిని దాటి పైకి పోవుట. 1990 ఏప్రిలులో హబుల్ అను దూరదర్శినిని అంతరిక్షములోనికి పంపిరి. అద్దము 2.4 మీటర్లు, దాదాపు మన కావలూరు అద్దమంత. అక్కడ గాలియే లేదు. అయినను అది పంపిన మొదటి చిత్రములు అలికినట్లుండెను. ఏలయనగా ఆ అద్దమునే తప్పుగా అరగదీసిరి. తప్పు తలవెంట్రుక మందములో ఏబదవ వంతు మాత్రమే. 1993 డిసెంబరులో మనుష్యులు పైకి పోయి దానిని దిద్దవలసి వచ్చెను. లోకపు గాలి తగులకుండ ఏకాంతమునకు పోయినయెడల నా చూపు నిర్మలమగునని తలంచువారు దీనిని ఆలోచింపవలెను. గాలిని విడిచిపోవచ్చును, అద్దమును వెంట తీసికొనిపోవుదుము.

రెండవ మార్గమును 1953లో అమెరికా దేశస్థుడైన హోరేస్ బాబ్‌కాక్ తలపెట్టెను. గాలిని ఆపలేము. అది ఆ క్షణమున వెలుగును ఎట్లు వంకర చేయుచున్నదో కొలిచి, దానికి సరిగా ఎదురు వంకరగా మన అద్దమునే వంచినయెడల రెండును కొట్టివేసికొని నక్షత్రము నిలకడగా కనబడును గదా! ఆయన కాలమున అట్టి అద్దము చేయుటకు సాధనములు లేవు. పరదేశముల కృత్రిమ ఉపగ్రహములను నేలనుండి తేరిచూడవలెనను ఆశతో అమెరికా సైనికశాఖవారు ఈ విద్యను రహస్యముగా సాధించిరి; అందులో చాల భాగమును 1991లో బయలుపరచిరి. ఇప్పుడు హవాయి దీవిలోని కెక్, చిలీ దేశములోని పెద్ద దూరదర్శినులు ఇట్లే పనిచేయుచున్నవి. పలుచని అద్దము వెనుక వందలకొలది చిన్న మీటలుండును. అవి సెకనుకు వందల పర్యాయములు, వెంట్రుక మందముకంటె తక్కువ దూరము, అద్దమును నొక్కుచు సడలించుచు నుండును. ఈ విద్య సాయముననే మన పాలపుంత నడిమిని, సూర్యునికి సుమారు 40 లక్షల రెట్లు బరువుగల కనబడని దానిచుట్టు నక్షత్రములు తిరుగుచుండుట స్పష్టముగా చూచిరి. ఆ పనికి 2020లో నోబెల్ బహుమానము దొరకెను.

ఇందులో మనకు మూడు బోధలున్నవి.

మొదటిది: వంగునది అద్దము. నక్షత్రమును దిద్దుమని ఎవరును అడుగలేదు. గాలి మంచిదగువరకు వేచియుండమని చెప్పలేదు. గాలి లేనిచో మనము బ్రదుకనే బ్రదుకము. మన కులము, మన బంధువులు, మన ఊరి పక్షములు, మనము చిన్నప్పటినుండి విన్న మాటలు, ఇవన్నియు మనము పీల్చు గాలియే. దానిని లేకుండ చేయుట మనవలన కాదు. అది నన్ను ఎటు వంచుచున్నదో కొలిచి, నేను దానికి ఎదురుగా వంగవలెను. అదియు ఒక్కమారు వంగిన చాలదు. ఉదయ ప్రార్థనలో దిద్దుకొన్న హృదయము సంతలో మధ్యాహ్నమునకే మరల వంకర పోవును. బాప్తిస్మమునాడు సరియైనది గనుక ఇక చాలునను అద్దము ఏ నక్షత్రమును చూపలేదు.

రెండవది: దగ్గరకు పోవలెను. అద్దమును దిద్దుటకు కాంతిగల ఒక నక్షత్రమును గుఱుతుగా పెట్టుకొని దాని వణకును కొలుచుదురు. అయితే ఆ కొలత దాని చుట్టుప్రక్కల కొంచెము మేరకే పనికివచ్చును. దూరముగా నున్నదానికి గాలి వేరు, వణకు వేరు. ఒక తాగుబోతును చూచి నేర్చిన కొలతతో నేను ఈ సహోదరుని కొలిచితిని. కట్టమీద అతని ప్రక్కన నడచువరకు అతని గాలి నాకు తెలియలేదు. ఎవరినైనను గూర్చి సంఘ కమిటీలో మాటలాడకముందు, అతని దారిలో, అతని వేళలో, అతనితో కొంతదూరము నడువుడి.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. చూడగోరిన చోట కాంతిగల నక్షత్రము దగ్గర లేనిచో శాస్త్రజ్ఞులు తామే ఒకదానిని చేయుదురు. సుమారు 90 కిలోమీటర్ల ఎత్తున పలుచగా సోడియం పొర యొకటి కలదు; ఒకప్పుడు మన పట్టణపు వీధులలో పచ్చగా వెలిగిన దీపములలో నున్నది ఆ సోడియమే. లేజరు కిరణమును పైకి పంపి ఆ పొరలో ఒక చుక్కను వెలిగింతురు. దానిని చూచి అద్దములోని సన్నని వంకరలన్నిటిని దిద్దవచ్చును. అయినను ఒక్క తప్పును అది చూపలేదు. గాలి చూపునంతటిని ఒకేమారు ఒక ప్రక్కకు ఒరగద్రోసినయెడల ఆ కృత్రిమపు చుక్క దానిని చెప్పలేదు. ఏలయనగా ఆ కిరణము పోయిన గాలిలోనుండియే తిరిగి వచ్చును. పోవునప్పుడు కలిగిన ఒరుగు వచ్చునప్పుడు కొట్టివేయబడును. దానికొరకు నిజమైన నక్షత్రము ఒకటి కావలెను. అది మసకదైనను చాలును గాని, అది పైనుండి వచ్చిన వెలుగై యుండవలెను.

సహోదరులారా, ఇది చదివినప్పుడు నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. మన నియమావళి, మన సంఘపు వాడుకలు, మన మనస్సాక్షి, ఇవన్నియు మనము పైకి పంపిన దీపములు. అవి మంచివే, చిన్న వంకరలను చూపును. నేను ముగ్గురు సాక్షులను విచారించితిని, తారీఖు వ్రాసితిని, కమిటీ సమ్మతి తీసికొంటిని. వివరములలో తప్పులేదు. మొత్తమే ఒరిగియున్నది! మత్తయి పదునెనిమిదవ అధ్యాయములో సాక్షులకంటె ముందు ప్రభువు పెట్టిన మెట్టు వేరొకటి: నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు పోయి మాటలాడుము. ఆ మెట్టును నేను దాటిపోయితిని. నేను వెలిగించుకొన్న దీపము దానిని నాకు చూపలేదు. అది నాతోకూడ ఒరిగెను. క్రీస్తు మాట ఒక్కటే నా అద్దమంతయు ఒరిగినదని చెప్పగలిగెను. ఆయనను వేగుచుక్కయని లేఖనము పిలుచుట ఊరక కాదు.

చూచుటలోని ఉద్దేశమును గూర్చి కూడ ఒక మాట. ఈ విద్య ఒకరినొకరు నమ్మని రాజ్యముల నడుమ పెరిగెను. మన ప్రక్కనే శ్రీహరికోటలో కూడ ఆకాశమునకు కావలి కలదు. ఆ దీవి 2022 ఏప్రిలు వరకు మన నెల్లూరు జిల్లాలోనే యుండెను. ఇప్పుడు తిరుపతి జిల్లాలోనిది. 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్టు లేచిన ఆ తీరమున ఇప్పుడున్న ఒక రాడారు ఒకేమారు పది వస్తువులను వెంబడించి చూడగలదు. ఎందుకు చూచుట? 2009 ఫిబ్రవరి 10న అమెరికావారి ఉపగ్రహమొకటి, పనిచేయుట మానిన రష్యా ఉపగ్రహమొకటి ఆకాశములో ఢీకొని రెండు వేలకు పైగా ముక్కలాయెను. అట్టిది మరల జరుగకుండునట్లు ముందుగా హెచ్చరించుటకు ఇట్టి కావలి అవసరము. పట్టుకొనుటకు చూచు కన్ను ఒకటి. కాపాడుటకు చూచు కన్ను ఒకటి. యంత్రము ఒకటే కావచ్చును. అరణ్యములో హాగరు తన్ను చూచు దేవుని కనుగొన్నప్పుడు ఆమె భయము తీరెను. మన సంఘములో ఒకడు తన్ను పాస్టరుగారు చూచుచున్నారని తెలిసినప్పుడు అతని భయము తీరునా, పెరుగునా? సంఘపెద్దలారా, మనలను మనము అడుగుకొందము.

మరుసటి ఆదివారమున నేను ప్రసంగపీఠము దిగి నిలిచి, అతని అనుమతితో జరిగినదంతయు సంఘము ఎదుట ఒప్పుకొంటిని. అతడు బల్లయొద్దకు వచ్చెను. యజమాని అతనిని పనినుండి తీసివేయక పగటి పనికి మార్చెను. అయితే అతని భార్య ఆ సంఘమునకు మరల రాలేదు. నేను మూడు పర్యాయములు వారి యింటికి పోతిని. ఆమె మర్యాదగా మంచినీళ్లిచ్చెను గాని రాలేదు. చూపు దిద్దుకొనవచ్చును, సహోదరులారా. దిద్దుకొనకముందు చేసిన గాయము మన చేతిలో నుండదు.

ముగించుచు మన తీరపు పూర్వకథ నొకటి జ్ఞాపకము చేయుదును. 1840లో సామ్యూలు డే దొరగారు నెల్లూరులో మిషను పని ప్రారంభించిరి. సంవత్సరములు గడిచినను ఫలము కొంచెమే. 1853లో అమెరికాలోని ఆల్బనీ నగరమున సభ కూడి, ఈ పనిని మూసివేయుదమా అని తర్కించిరి. పటములో మిషను స్థలములను చుక్కలతో గుఱుతుపెట్టియుండగా నెల్లూరు ఒక్కటే విడిగా కనబడెను. ఒకరు దానిని ఒంటరి నక్షత్రమని పిలిచిరి. ఆరిపోవునట్లు కనబడిన ఆ చుక్కను ఆర్పకుండ విడిచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సముద్రముల కవతలనుండి చూచినవారికి మసకగా కనబడినది నిజముగా మసకది కాదు.

మనము అట్టి ఓర్పుచేత ఆరిపోక మిగిలిన సంఘము. అట్టి మనము, మన కంటికి వణకునట్లు కనబడిన సహోదరుని దీపమును నోటిమాటతో ఆర్పివేయ తగునా? ఈ రాత్రి ఆరుబయట పరుండి చుక్కలను చూచునప్పుడు, మీరు తీర్పు చెప్పిన ఒక్క మనిషిని జ్ఞాపకము చేసికొనుడి. రేపు పోయి అతనిని అడుగుడి.

ప్రార్థన: మమ్మును సంపూర్ణముగా ఎరిగిన తండ్రీ, మేము మసకగా చూచువారము. మా గాలిని నీవెరుగుదువు. నీ కుమారుని వెలుగునకు మా హృదయమును దినదినము వంచుము. మేము దాటిపోయిన వారియొద్దకు మమ్మును తిరిగి నడిపించుము. ఆమేన్.